కడబంతి నుంచి లేచిన ఓటు

1957 సార్వత్రిక ఎన్నికల్లో పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గం నుంచి ఇద్దరు సభ్యులు ఎన్నిక కావాలి. ఒక స్థానం గిరిజనులకు రిజర్వు, రెండోది జనరల్. ఇలాంటి ద్విసభ్య నియోజకవర్గాలు అప్పట్లో దేశమంతటా ఉండేవి. జనరల్ స్థానం ఆశించి కాంగ్రెస్ తరఫున నిలబడిన మనిషి సామాన్యుడు కాదు. కార్మికోద్యమ నాయకుడు, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక శాఖ చూసి రాజీనామా చేసి బయటికొచ్చిన వి.వి. గిరి. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1937లో, ఆ చుట్టుపక్కలే బొబ్బిలి రాజాను ఓడించి పేరు తెచ్చుకున్నవాడు. మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా చేసిన జమీందారును ఆయన సొంత గడ్డ మీద కూలదోసిన గెలుపు అది.

1957లో ఓట్లు లెక్కపెడితే మొదటి స్థానంలో బిడ్డిక సత్యనారాయణ వచ్చారు. రెండో స్థానంలో దిప్పల సూరిదొర. ఇద్దరూ గిరిజనులే. గిరి 565 ఓట్ల తేడాతో మూడోవారయ్యారు. ఎక్కువ ఓట్లొచ్చిన సత్యనారాయణకు రిజర్వు స్థానం, ఆ తర్వాతి సూరిదొరకు జనరల్ స్థానం దక్కాయని అధికారులు ప్రకటించారు. రిజర్వు స్థానానికని నిలబడ్డ గిరిజనుడికి జనరల్ స్థానం ఎలా ఇస్తారని గిరి కోర్టుకు వెళ్లారు. 1959లో సుప్రీంకోర్టు ఆయన వాదన తోసిపుచ్చింది. రిజర్వేషన్ అంటే ఇంతకు తగ్గకూడదన్న హామీ తప్ప, ఇంతకు మించకూడదన్న గిరిగీత కాదని ఆ తీర్పు సారాంశం. రెండేళ్లు తిరక్కుండానే, 1961లో, పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దు చేసింది. వాటి విస్తీర్ణం మీద, ఖర్చు మీద అంతకుముందే ఫిర్యాదులున్న మాట నిజం. పార్వతీపురం ఫలితం చూశాక జనరల్ అభ్యర్థుల్లో పుట్టిన గుబులు కూడా ఆ తొందరలో ఉందని నా నమ్మకం.

ఇరవై ఏళ్లలో ఒకే ప్రాంతంలో రాజావారు ఒక మధ్యతరగతి బారిస్టరు చేతిలో ఓడారు, ఆ బారిస్టరు ఒక గిరిజనుడి చేతిలో ఓడారు. మధ్యలో మారిందేమిటి? ఓటు హక్కు మారింది, జమీందారీ పోయింది, నియోజకవర్గం గీసిన తీరు మారింది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటేనని మన సామెత. స్వతంత్ర భారత ఎన్నికల చరిత్ర చాలావరకు దాని చుట్టూనే తిరిగింది. కడబంతిలో కూర్చున్నవాళ్లు గరిట తమవాడి చేతికి రావాలని పోరాడారు, తెచ్చుకున్నారు. తెచ్చుకున్న ప్రతిసారీ ఆ బంతిలోనే ముందు కూర్చున్నవాళ్ల విస్తళ్లు ముందు నిండాయి. అందనివాళ్లు మళ్లీ లేచారు. కులం, మతం, ప్రాంతం అనేవి ఓటుకు ముందే బిగుసుకుపోయి ఉన్నవని, నాయకులు వాటిని వాడుకుంటారంతేనని చాలామంది అంటారు. నేను ఆ మాట ఒప్పుకోలేను. భూమి చేతులు మారడం, కాలువ నీరు రావడం, బడీ హాస్టలూ తెరుచుకోవడం ముందు జనాన్ని కదిలిస్తాయి. జనగణన, జాబితా, నియోజకవర్గం వాళ్లకో పేరూ హద్దూ ఇస్తాయి. ఎన్నిక వాళ్లకో నాయకుణ్ణి ఇస్తుంది. ఆ తర్వాతే లోపలి పగుళ్లు బయటపడతాయి.

పేర్లు పెట్టే పని బ్రిటిష్‌వాళ్ల కాలంలోనే మొదలైంది. 1909 సంస్కరణలు ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలిచ్చాయి. 1919 చట్టం కింద మద్రాసు శాసనమండలిలో బ్రాహ్మణేతరులకు స్థానాలు కేటాయించారు. జనాభాలో అత్యధికులకు రిజర్వేషన్ ఇవ్వాల్సి రావడం ఇప్పుడు వింతగా కనిపిస్తుంది గానీ, చదువులో, కొలువుల్లో బ్రాహ్మణుల వాటా చూస్తే అప్పటి ఆందోళన అర్థమవుతుంది. 1920లో బ్రాహ్మణేతరుల జస్టిస్ పార్టీ మద్రాసులో అధికారానికొచ్చింది. పానగల్ రాజా రామరాయణింగారు, పిట్టి త్యాగరాయ చెట్టి, తర్వాతి రోజుల్లో బొబ్బిలి రాజా ఆ పార్టీకి తెలుగు ముఖాలు. ఉద్యోగాల్లో వర్గాలవారీ వాటాల ఉత్తర్వు 1921లో వెలువడింది. అయితే పన్ను కట్టేవాళ్లకు, ఆస్తిపరులకు మాత్రమే ఓటున్న రోజులవి. బ్రాహ్మణేతరులన్న విశాలమైన పేరు కింద నిజంగా మాట్లాడింది జమీందార్లు, షావుకార్లు, పెద్ద రైతులు. మాల మాదిగలకు, పరయాలకు ఆ పార్టీలో దక్కిన చోటు చాలా తక్కువ. అణచివేత మీద కట్టిన కూటమిలో ముందున్నవాళ్లే ముందు లాభపడటం మన రాజకీయాల్లో తొలిసారి కనిపించింది అక్కడే.

1932లో అంబేడ్కర్ దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు సాధించారు. ఆ కమ్యూనల్ అవార్డులో వాళ్లకు దక్కినవి 71 స్థానాలు. గాంధీ యెరవాడ జైల్లో నిరాహారదీక్షకు కూర్చున్నారు. సెప్టెంబరు 24న పూనా ఒప్పందం కుదిరింది. స్థానాలు 148కి పెరిగాయి, కానీ వాటిలో ఎవరు గెలవాలో అందరూ కలిసి ఓటేసి తేల్చే పద్ధతి వచ్చింది. అంటే దళిత ప్రతినిధి దళితేతరుల ఓట్లతో గెలవాలి. ఆ సంఖ్య వెనుక పోయిందేమిటో అంబేడ్కర్‌కు తెలుసు. 1952లో ఉత్తర బొంబాయిలో ఆయనే ఓడిపోయారు.

ఆ తొలి సార్వత్రిక ఎన్నిక మనుషుల చరిత్రలోనే పెద్ద సాహసం. సుమారు 17 కోట్ల 30 లక్షల మంది ఓటర్లు, వాళ్లలో అత్యధికులు అక్షరం రానివాళ్లు. ఓటర్ల జాబితా రాసేటప్పుడు లక్షల మంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి పెళ్లాన్ని, ఫలానావాడి తల్లిని అని చెప్పుకున్నారు. సొంత పేరు లేకుండా ఓటు ఇవ్వడం కుదరదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. దాదాపు 28 లక్షల మంది పేర్లు జాబితాలోంచి పోయాయి. కఠినమైన నిర్ణయమే. అయినా ఆ పట్టుదల వల్లనే తర్వాతి ఎన్నికల నాటికి ఆడవాళ్లు తమ పేరుతో ఓటర్లయ్యారు.

కాంగ్రెస్ 45 శాతం ఓట్లతో 489 స్థానాల్లో 364 గెలిచింది. పైనుంచి చూస్తే అందరి పార్టీ. కింద ఊళ్లో మాత్రం ఓటు నడిచే దారి వేరు. మైసూరు దగ్గరి రాంపుర గ్రామంలో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ ఆ దారిని కళ్లకు కట్టారు. భూమి, సంఖ్య ఉన్న కులం పెద్ద ఏ గుర్తు చూపితే దానికే పాలేర్లు, కౌలుదార్లు ఓటేస్తారని రాశారు. ఓటు బ్యాంకు అన్న మాట ఆయన రచనల్లోంచే వ్యాపించింది. కోస్తాలో కృష్ణా, గోదావరి ఆనకట్టలు వంద సంవత్సరాలుగా పండించిన సంపద కమ్మ, రెడ్డి, కాపు, రాజు రైతు కుటుంబాలను ఆ స్థానంలో నిలిపింది. 1956లో సెలిగ్ హారిసన్ ఆంధ్ర కమ్యూనిస్టుల బలానికీ కమ్మ రైతులకీ ఉన్న సంబంధం మీద రాసిన వ్యాసం ఇప్పటికీ చర్చకు వస్తూనే ఉంటుంది. అందులో నిజం ఉంది. అయితే తెలంగాణ సాయుధ పోరాటంలో ప్రాణాలిచ్చిన చాకలి, గొల్ల, మాదిగ, లంబాడీ కూలీలు ఆ లెక్కలో కనిపించరు.

జమీందారీ రద్దు ఈ కథలో పెద్ద మలుపు. మద్రాసులో 1948 చట్టం, బీహార్‌లో 1950 చట్టం, ఉత్తరప్రదేశ్‌లో 1952 నుంచి అమలు. భూమి నిజంగా దున్నేవాడికి దక్కిందా అంటే, దళిత కూలీకి దక్కలేదు. పెద్ద కౌలుదార్లకు దక్కింది. ఉత్తరాన ఆ కౌలుదార్లు జాట్లు, యాదవులు, కుర్మీలు, కోయిరీలు. పదిహేనేళ్లకు హరిత విప్లవం తోడయింది. చేతిలో పంట, జేబులో డబ్బు, ఇంట్లో చదువుకున్న కొడుకు ఉన్నా, పట్నంలోని కాంగ్రెస్ ఆఫీసులో మాత్రం బ్రాహ్మణ, ఠాకూర్, భూమిహార్ నాయకులే కుర్చీల్లో ఉన్నారు. చరణ్ సింగ్ 1967లో కాంగ్రెస్ వదిలి ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. నూటికి అరవై పాళ్లు వెనుకబడినవాళ్లకు దక్కాలన్న సోషలిస్టు నాయకుడు లోహియా పిలుపు బీహార్‌లో బాగా నాటుకుంది. లోహియా చెప్పిన అరవైలో దళితులు, ఆదివాసులు, ముస్లింలలోని వెనుకబడిన కులాలు, అన్ని కులాల ఆడవాళ్లు కూడా ఉన్నారు. ఆయన తర్వాత ఆ పిలుపునందుకున్న పార్టీలు ఆడవాళ్లనే ముందుగా మరిచిపోయాయి.

1967లో అనేక రాష్ట్రాలు కాంగ్రెస్ చేజారాయి. మద్రాసులో డీఎంకే వచ్చింది. అప్పటినుంచి ఆ రాష్ట్రాన్ని జాతీయ పార్టీ ఏదీ ఏలలేదు. భాష, ఆత్మగౌరవం, రిజర్వేషన్ మూడూ ఒకే జెండా కింద చేరిన ఆ విజయం ఎంత గట్టిదో అంత గమనించదగ్గ లోపం కూడా దానిలో ఉంది. ద్రవిడ పార్టీల నీడలో మధ్య కులాలు ఎదిగాయి, దళితులు మాత్రం సొంత పార్టీలు వెతుక్కోవాల్సి వచ్చింది.

వెనుకబడిన కులాలంటే ఎవరో తేల్చడానికి కేంద్రం 1953లో కాకా కాలేల్కర్ అధ్యక్షతన వేసిన కమిషన్ 2,399 కులాల జాబితా ఇచ్చింది. కులం ప్రాతిపదిక మీద అధ్యక్షుడికే మనస్కరించక తన నివేదికకు తానే అభ్యంతరం రాశారు. నివేదిక అటక ఎక్కింది. రాష్ట్రాలు ఊరుకోలేదు. ఇక్కడ మన రాష్ట్రం చేసిన పని గురించి చెప్పాలి, దానికి రావాల్సినంత గుర్తింపు రాలేదు. 1970లో అనంతరామన్ కమిషన్ ఆంధ్రప్రదేశ్ బీసీలను ఎ, బి, సి, డి అని నాలుగు గ్రూపులు చేసింది. సంచార జాతులు, చాకలి, మంగలి, జాలరి వంటి సేవక వృత్తులవాళ్లు ఎ గ్రూపు. చేనేత, కల్లుగీత వంటి చేతివృత్తులు బి. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు సి. గొల్ల, ముదిరాజ్ వంటివి డి. మొత్తం 25 శాతంలో ఎవరి వాటా వాళ్లకు విడగొట్టారు. 1972లో సుప్రీంకోర్టు ఆ జాబితాను సమర్థించింది. బీసీ అన్న రెండక్షరాల వెనుక ఎవరెవరున్నారో విడదీసి చూడకపోతే బలహీనుడికి ఏమీ మిగలదని ఇక్కడి అధికారులు అంత ముందే గ్రహించారు.

బీహార్‌లో అదే పని చేసిన మనిషి కర్పూరీ ఠాకూర్. పుట్టుక మంగలి కులంలో. 1978లో ముఖ్యమంత్రిగా 26 శాతం రిజర్వేషన్ తెచ్చి, అందులో 12 అత్యంత వెనుకబడిన కులాలకు, 8 మిగతా బీసీలకు, 3 ఆడవాళ్లకు, 3 అగ్రకుల పేదలకు పంచారు. ఈ పంపకంలో ఎంత న్యాయబుద్ధి ఉందో చూడండి. మొత్తం వెనుకబడిన రాజకీయాన్ని రెండు మూడు పెద్ద కులాలు మింగేయకుండా ముందే గట్టు వేశారు. ఏడాది తిరిగేసరికి ఆయన ప్రభుత్వం కూలిపోయింది. వీధుల్లో ఆయన తల్లిని, కులాన్ని తిడుతూ ఊరేగింపులు జరిగాయి. 2024లో ఆయనకు భారతరత్న వచ్చింది.

తెలుగునాట 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం తొమ్మిది నెలలకే అధికారం చేపట్టింది. ఢిల్లీ చేతుల్లో ముఖ్యమంత్రుల మార్పిడి చూసి విసిగిన జనం తెలుగువారి ఆత్మగౌరవమన్న పిలుపుకు కదిలారు. ఆ పిలుపు వెనుక గట్టి సామాజిక పునాది ఉంది. డెల్టా వ్యవసాయంలో పండిన డబ్బు సినిమా, రవాణా, వ్యాపారాల్లోకి పాకి, సంపదకు తగ్గ రాజకీయ కుర్చీ దొరకని కమ్మ వర్గం ఒకవైపు. కాంగ్రెస్‌లో రెడ్ల వెనుక నిలబడి అలిసిన బీసీలు మరోవైపు. ఎన్టీఆర్ యువ బీసీలకు టికెట్లిచ్చారు, కరణం మునసబుల వ్యవస్థ తీసేశారు, మండల పరిషత్తుల్లో బీసీలకు, ఆడవాళ్లకు స్థానాలు కేటాయించారు. ఆడపిల్లకు పుట్టింటి ఆస్తిలో సమాన హక్కు చట్టం చేశారు. బీసీ రిజర్వేషన్ 25 నుంచి 44 శాతానికి పెంచబోతే 1986లో విద్యార్థుల ఆందోళనలు లేచాయి, హైకోర్టు కొట్టేసింది. నాలుగేళ్ల తర్వాత దేశమంతా చూడబోయే ఘట్టం ముందుగా మన వీధుల్లో నడిచింది.

ఆ హడావుడిలో జనం పెద్దగా గమనించని ఒక ఫలితం 1984లో హన్మకొండలో వచ్చింది. ఆరేళ్లకు దేశ రాజకీయాన్ని మలుపు తిప్పబోయే బీజేపీ ఆ ఏడాది దేశం మొత్తం మీద రెండు లోక్‌సభ స్థానాలే గెలిచింది. ఒకటి గుజరాత్‌లోని మెహసానా. రెండోది హన్మకొండ, చందుపట్ల జంగారెడ్డి అక్కడ పి.వి. నరసింహారావును ఓడించారు.

ఇక 1990. రెండో బీసీ కమిషన్‌కు బి.పి. మండల్ అధ్యక్షుడు. 1980 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో 3,743 కులాలు, జనాభాలో 52 శాతం అన్న అంచనా, 27 శాతం రిజర్వేషన్ సిఫారసు ఉన్నాయి. 1931 తర్వాత అన్ని కులాల లెక్క తీయలేదు కాబట్టి అప్పటి గణన మీదనే ఆ 52 శాతం ఆధారపడింది. కమిషన్‌లో ఒక్కరే దళిత సభ్యుడు, ఎల్.ఆర్. నాయక్. భూమి ఉన్న మధ్య కులాలనూ, ఏమీ లేని కుల వృత్తులవాళ్లనూ ఒకే గాటన కడితే రెండోవాళ్లకు అన్యాయం జరుగుతుందని, వాటాలు విడివిడిగా ఇవ్వాలని ఆయన అసమ్మతి రాశారు. ఎవరూ వినలేదు. ఆ రోజు ఆయన మాట విని ఉంటే ఉత్తరాది రాజకీయం వేరే దారిలో నడిచేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

1990 ఆగస్టు 7న ప్రధాని వి.పి. సింగ్ మండల్ సిఫారసు అమలు ప్రకటించారు. ఉత్తరాది కళాశాలల్లో మంటలు లేచాయి, ఒంటికి నిప్పంటించుకున్న పిల్లల ఫోటోలు పత్రికలకెక్కాయి. సెప్టెంబరు 25న బీజేపీ నేత అద్వానీ అయోధ్యలో రామమందిరం కోసం సోమనాథ్ నుంచి రథయాత్ర మొదలుపెట్టారు. అక్టోబరు 23న సమస్తిపూర్‌లో లాలూ ప్రసాద్ ప్రభుత్వం ఆయన్ను అరెస్టు చేసింది, బీజేపీ మద్దతు ఉపసంహరించింది, నవంబరు 7న వి.పి. సింగ్ సభ విశ్వాసం కోల్పోయారు. మూడు నెలల్లో దేశ రాజకీయం తిరగబడింది. ఒక పిలుపు హిందువులను కులాలుగా గుర్తుచేసింది, రెండో పిలుపు కులాలను హిందువులుగా గుర్తుచేసింది. ఈ రెండూ ఎదురెదురు శక్తులని అందరూ అన్నారు. తర్వాతి ముప్పై ఏళ్లు చూస్తే రెండూ ఒకదాన్నొకటి మార్చుకుంటూ వచ్చాయి.

1992 నవంబరు 16న సుప్రీంకోర్టు 27 శాతాన్ని సమర్థించింది. బీసీల్లో బాగుపడ్డ పై పొరను, అంటే క్రీమీలేయర్‌ను, మినహాయించాలని, మొత్తం రిజర్వేషన్ 50 శాతం దాటకూడదని చెప్పింది. మూడు వారాల తర్వాత బాబ్రీ మసీదు కూలింది. మరుసటి ఏడాది ఉత్తరప్రదేశ్‌లో ములాయం సింగ్, కాన్షీరాం చేతులు కలిపి అధికారంలోకి వచ్చారు. 1984లో అంబేడ్కర్ జయంతి రోజున పుట్టిన బహుజన సమాజ్ పార్టీ తొమ్మిదేళ్లకు ప్రభుత్వంలో కూర్చుంది. 1995 జూన్‌లో మాయావతి ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలోనే పెద్ద రాష్ట్రానికి ఒక దళిత మహిళ! తాతలు చెప్పులేసుకుని నడవడానికి భయపడిన వీధుల్లో ఆ రోజు ఎంత గర్వం పొంగిందో ఊహించుకోవచ్చు. హిందీ రాష్ట్రాల ఎంపీల్లో బీసీల వాటా 1984లో 11 శాతం దగ్గర ఉండగా 1990లలో 20 దాటిందని రాజకీయ శాస్త్రవేత్త క్రిస్టఫ్ జఫ్రలో లెక్కలు చెబుతున్నాయి. ఓటుతో వచ్చిన ఈ మార్పును నిశ్శబ్ద విప్లవమని ఆయన పిలిచారు.

అయితే ములాయం, లాలూల కాలంలో వెనుకబడిన కులాలన్న పేరు క్రమంగా యాదవులకే పరిమితమైంది. పోలీసు స్టేషను, కాంట్రాక్టు, టికెట్ ఏది తీసుకున్నా వాళ్లే ముందు. కుర్మీ అయిన నితీశ్ కుమార్ 1994లో లాలూ నుంచి విడిపోయారు. 2005లో అధికారం దక్కాక పంచాయతీల్లో ఆడవాళ్లకు సగం స్థానాలిచ్చారు, అత్యంత వెనుకబడిన కులాలకు వేరే వాటా పెట్టారు, బడికెళ్లే ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. కర్పూరీ ఠాకూర్ గీసిన గీత మీదుగానే ఆ నడక. 2010 నుంచి బీహార్ శాసనసభ ఎన్నికల్లో మగవాళ్లకంటే ఆడవాళ్ల పోలింగ్ శాతం ఎక్కువగా నమోదవుతోంది. ఉత్తరప్రదేశ్‌లో మాయావతి 2007లో బ్రాహ్మణులను కూడా కలుపుకుని 206 స్థానాలతో ఒంటరిగా గెలిచారు. అదే ఆ పార్టీ శిఖరం. మాయావతి కులమైన జాటవులు కాని దళితులు, యాదవేతర బీసీలు అప్పటికే తమను పట్టించుకునేవాడికోసం చూస్తున్నారు. బీజేపీ వాళ్లను కులం కులంగా, గుడి గుడిగా, ఆ కులాల వీరుల విగ్రహాలు నిలబెట్టి మరీ చేరుకుంది. 2014లో ఆ రాష్ట్రంలో 80కి 71 గెలిచింది. మండల్‌ను ఎదిరించి పెరిగిన పార్టీ మండల్ లోపలి చీలికలను అందరికంటే శ్రద్ధగా చదువుకుంది. ప్రత్యర్థులు దాన్ని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది.

ఈ కథలో ముస్లింల స్థితి తలచుకుంటే బాధ కలుగుతుంది. 1909లో పేరు మొదట పొందినవాళ్లు వాళ్లు. దేశ విభజన తర్వాత ప్రత్యేక నియోజకవర్గాలు వదులుకుని, కాంగ్రెస్‌ను, తర్వాత యాదవ పార్టీలను నమ్ముకున్నారు. 1980లో లోక్‌సభలో 49 మంది ముస్లిం సభ్యులుండేవారు, 2024లో 24 మంది. 2014లో పూర్తి మెజారిటీతో వచ్చిన పార్టీలో ఒక్క ముస్లిం లోక్‌సభ సభ్యుడూ లేడు. ఎవరి ఓటు లేకుండా గెలవొచ్చో పార్టీలు లెక్కవేయడం మొదలుపెడితే, వాళ్ల కష్టం వినాల్సిన అవసరం కూడా పోతుంది. ముస్లింలలోని దూదేకుల, కసాబ్, అన్సారీ వంటి వెనుకబడిన వర్గాలు అష్రాఫ్‌లన్న పై వర్గాల నాయకత్వాన్ని ప్రశ్నించడం మాత్రం ఆగలేదు.

తెలుగు నేలపై దళిత ఉద్యమం నెత్తురులోంచి లేచింది. 1985 జులైలో కారంచేడులో, 1991 ఆగస్టులో చుండూరులో దళితులపై మారణకాండలు జరిగాయి. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివాళ్లు నడిపిన దళిత మహాసభ రాష్ట్రాన్ని కదిలించింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం వెనుక కారంచేడు ఉంది. అంత బలమైన ఉద్యమం ఉన్నా ఇక్కడ బీఎస్పీ నిలదొక్కుకోలేదు. 1994లో కాన్షీరాం రాష్ట్రమంతా తిరిగారు, ఓట్లు రాలలేదు. కాంగ్రెస్, తెలుగుదేశం రెండే ధ్రువాలుగా ఉన్నచోట మూడో జెండాకు ఓటేస్తే పోయినట్టేనని జనం అనుకోవడం ఒక కారణం. రెండోది, దళితులంటే ఒక్కరు కాదు.

1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. ఎస్సీ రిజర్వేషన్ ఫలాలు తమకంటే ముందు చదువుకున్న మాలలకే ఎక్కువ దక్కుతున్నాయని, వాటా విడగొట్టాలని మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో యువకులు అడిగారు. పేరు చివర మాదిగ అని గర్వంగా రాసుకోవడం ఆ ఉద్యమం తెచ్చిన మార్పే. 2000లో ప్రభుత్వం 15 శాతాన్ని ఒకటి, ఏడు, ఆరు, ఒకటిగా నాలుగు గ్రూపులకు పంచింది. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దళితుల ఐక్యతను చీల్చే కుట్ర అని చాలామంది మంచివాళ్లు కూడా అన్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ ఐక్యత పేరుతో ఆకలిని ఆపమనడం న్యాయం కాదు. ముప్పై ఏళ్ల పట్టుదల తర్వాత, 2024 ఆగస్టు 1న, ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆరుగురి మెజారిటీతో వర్గీకరణ రాష్ట్రాల హక్కేనంది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ మూడు గ్రూపుల చట్టం అమల్లోకి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే నెలలో అడుగు వేసింది.

ఓబీసీలలో ఇలాంటి లెక్క తీయడానికి కేంద్రం 2017లో వేసిన కమిషన్‌కు మన తెలుగు న్యాయమూర్తి జి. రోహిణి అధ్యక్షురాలు. కేంద్ర ఉద్యోగాలు, సీట్లలో 97 శాతం ప్రయోజనం నాలుగో వంతు కులాలకే చేరిందని, 983 కులాలకు ఒక్కటంటే ఒక్కటీ దక్కలేదని ఆ కమిషన్ పరిశీలనలో తేలినట్టు పత్రికలు రాశాయి. ఎల్.ఆర్. నాయక్ భయపడిందే జరిగింది. 2023 జులైలో తుది నివేదిక రాష్ట్రపతికి చేరింది. అదే ఏడాది అక్టోబరులో బీహార్ కులగణన బయటికొచ్చింది: అత్యంత వెనుకబడినవాళ్లు 36 శాతం, ఇతర వెనుకబడినవాళ్లు 27, ఎస్సీలు 19.65, జనరల్ 15.5.

2024లో ఆ లెక్కల వేడి ఓటింగ్‌లో కనిపించింది. బీజేపీ 303 నుంచి 240కి తగ్గింది. ఉత్తరప్రదేశ్‌లో అఖిలేశ్ యాదవ్ ఈసారి యాదవులకు తక్కువ టికెట్లిచ్చి మిగతా బీసీలకు, దళితులకు పంచారు. అయోధ్య ఉన్న ఫైజాబాద్ జనరల్ స్థానంలో దళితుడైన అవధేశ్ ప్రసాద్‌ను నిలబెట్టి గెలిపించుకున్నారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో తెలంగాణ తన సర్వే ప్రకటించింది: ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం. స్థానిక సంస్థల్లో వాళ్లకు 42 శాతం ఇస్తామన్న నిర్ణయం 50 శాతం హద్దు దగ్గర కోర్టుల్లో చిక్కుకుంది. 2025 ఏప్రిల్ 30న కేంద్రం రాబోయే జనగణనలో కులం లెక్కిస్తామంది. జనగణనలో అన్ని కులాలనూ లెక్కించడం 1931 తర్వాత ఇదే మొదటిసారి.

ప్రాంతం గురించి ఒక మాట. 1969 నుంచి 2014 జూన్ 2 దాకా తెలంగాణ ఆకాంక్ష కులాలన్నిటినీ ఒక గొంతుతో మాట్లాడించింది. రాష్ట్రం వచ్చి పదేళ్లు గడిచేసరికి అక్కడి ప్రధాన రాజకీయ ప్రశ్న బీసీల వాటా అయి కూర్చుంది. ఆంధ్రలో కాపుల ఆకాంక్ష మీద 2008లో పుట్టిన ప్రజారాజ్యం 2009లో 18 స్థానాల దగ్గర ఆగి, రెండేళ్లకు కాంగ్రెస్‌లో కలిసిపోయింది. సంఖ్య ఒక్కటే చాలదు, పక్క కులాల నమ్మకం కూడా కావాలి.

ఆడవాళ్ల ఓటు ఈ అన్ని గీతల మీదుగా నడిచింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురు తిరిగిన ఆడవాళ్లు రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చారు, 1994లో ఎన్టీఆర్‌ను మద్యనిషేధం హామీ మీద గెలిపించారు. ఆ ఉద్యమంలో నడిచింది ఎక్కువగా దళిత, బీసీ కూలి తల్లులు. 1962లో దేశంలో ఆడ, మగ పోలింగ్ శాతాల మధ్య పదహారు పాయింట్లకు పైగా తేడా ఉండేది. 2024లో ఆడవాళ్ల శాతం 65.78, మగవాళ్లది 65.55. ఓటు ఎవరికి వేయాలో ఇంటి పెద్ద చెప్పే రోజులు పోతున్నాయి. పార్టీల మేనిఫెస్టోలు వంటింటి చుట్టూ, బ్యాంకు ఖాతా చుట్టూ తిరుగుతున్నది అందుకే.

చట్టసభల్లో మాత్రం వాళ్లు ఇంకా తక్కువే. 1996 సెప్టెంబరులో దేవెగౌడ ప్రభుత్వం మహిళా బిల్లు పెట్టింది. దాన్ని పరిశీలించిన గీతా ముఖర్జీ సంఘం బీసీ మహిళల వాటా సంగతి కూడా ఆలోచించాలని చెప్పింది. బీసీ మహిళలకు విడిగా వాటా లేకపోతే ఈ సీట్లన్నీ చదువుకున్న పై కులాల ఇళ్లకే పోతాయని సమాజ్‌వాదీ, ఆర్జేడీ నాయకులు ఏళ్ల తరబడి అడ్డుకున్నారు. వాళ్లలో కొందరు పార్లమెంటులో ఆడవాళ్ల గురించి మాట్లాడిన తీరు సిగ్గుచేటు, కానీ అడిగిన ప్రశ్న న్యాయమైనదే. 2023లో 106వ సవరణగా వచ్చిన చట్టం లోక్‌సభలో, శాసనసభల్లో మూడో వంతు స్థానాలు ఆడవాళ్లకిచ్చింది. వాటిలో ఎస్సీ, ఎస్టీ మహిళలకు వాటా ఉంది. బీసీ మహిళలకు లేదు. జనగణన జరిగి, దాని ఆధారంగా నియోజకవర్గాలు మళ్లీ గీశాకే అది అమల్లోకి వస్తుందని ఆ సవరణలోనే రాసుంది. ఆ జనగణనలోనే కులమూ లెక్కకు వస్తోంది. దూబగుంట తల్లుల మనవరాళ్లు ఆ లెక్క చేతబట్టుకుని అడగబోయేది ఈ వాటానే.